టాలీ బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చా? పలాస లెక్కల్లో ట్రేడ్‌మార్క్, కాపీరైట్

26,550 రూపాయలు. ఒక్క కంప్యూటర్‌లో వాడుకునే టాలీప్రైమ్ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కు ఈ మధ్య దాకా కంపెనీ చెప్పిన ధర 22,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 4,050 కలిపితే వచ్చే మొత్తం ఇది. ఇప్పుడు ఇంకో అంకె చూడండి: 50,000 రూపాయలు. దొంగ కాపీ అని తెలిసి కూడా ఒక సాఫ్ట్‌వేర్‌ను వ్యాపారం కోసం కంప్యూటర్‌లో వాడినట్టు రుజువైతే, కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద జరిమానా అక్కడ మొదలై 2 లక్షల దాకా వెళ్తుంది. దాంతోపాటు 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు. అసలు కొనడానికయ్యే ఖర్చుకు దొంగ కాపీ మీద పడే కనీస జరిమానా దాదాపు రెట్టింపు.

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపేవారికీ, టెక్కలిలో గ్రానైట్ పలకలు పంపేవారికీ ఈ లెక్క కొత్త విషయం కాదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక గుమస్తా చేతి చిట్టాతో పని జరగడం కష్టమైపోయింది. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ వచ్చింది, దాన్ని నేర్పే సెంటర్లు వచ్చాయి, సెంటర్లకు బోర్డులు వచ్చాయి. చిక్కంతా ఆ బోర్డు దగ్గరా, లోపలున్న కంప్యూటర్ దగ్గరా ఉంది. ఆ రెండు చిక్కులూ ఒకటి కావు. బోర్డు మీదున్నది పేరు. కంప్యూటర్‌లో ఉన్నది పని. పేరును కాపాడేది 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం, అది అమల్లోకి వచ్చింది 2003 సెప్టెంబరు 15న. పనిని కాపాడేది 1957 నాటి కాపీరైట్ చట్టం, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఒక సాహిత్య కృతే. నమోదైన పేరుకు 10 ఏళ్ల రక్షణ ఉంటుంది, పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ ఎంత కాలమైనా ఉంచుకోవచ్చు. రచయిత పేరు మీదున్న కృతికి ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు.

ఈ తేడా తెలియక మన ప్రాంతంలో రెండు రకాల నష్టం జరుగుతోంది. కొందరు నిజాయతీగా చేసే పనికి కూడా భయపడుతున్నారు. ఇంకొందరు తమ సొంత పని పోయినప్పుడు ఏ గుమ్మం ఎక్కాలో తెలియక ఊరుకుంటున్నారు. రెండోదే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

బోర్డు మీద ఏం రాయొచ్చు

కాశీబుగ్గలో ఎవరైనా ఒక కంప్యూటర్ సెంటర్ తెరిచి ‘ఇక్కడ టాలీ నేర్పుతాం’ అని రాసుకున్నారనుకుందాం. తప్పు లేదు. నేర్పేది టాలీయే అయినప్పుడు ఆ పేరు చెప్పకుండా ఎలా చెబుతారు? ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్ ఈ వీలు ఇస్తోంది: యజమాని సరుకును అది ఫలానా వారిదేనని గుర్తు చెప్పడానికి పేరు వాడుకోవచ్చు, వ్యాపారంలో నిజాయతీ ఉండాలి, ఆ పేరు ప్రతిష్ఠను అన్యాయంగా సొమ్ము చేసుకోకూడదు. సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ‘ఫలానా ఫోన్లకు సరిపోయే బ్యాటరీలు దొరుకును’ అని రాసుకోవడానికి కూడా అదే సెక్షన్‌లో చోటుంది, ఆ సరుకు దేనికి సరిపోతుందో చెప్పడానికి పేరు అవసరం కాబట్టి.

అదే సెంటర్ తన పేరే ‘టాలీ కంప్యూటర్స్, కాశీబుగ్గ’ అని పెట్టుకుంటే కథ మారుతుంది. నమోదైన మార్కును, అది నమోదైన రకం సరుకుల్లోనో సేవల్లోనో, తన వ్యాపారం పేరుగా లేదా పేరులో భాగంగా వాడితే 29వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్ ప్రకారం అది ఉల్లంఘనే. ‘అధీకృత శిక్షణ కేంద్రం’ అన్న మాటకు కంపెనీ నుంచి కాగితం ఉండాలి. లోగోకైతే రెండు తాళాలు: అది మార్కు కూడా, గీసిన బొమ్మ కాబట్టి కాపీరైట్ ఉన్న కృతి కూడా. మైక్రోసాఫ్ట్ లాంటి పెద్ద కంపెనీల నియమాలు చదివితే సారాంశం ఇదే. పేరును మామూలు అక్షరాల్లో నిజం చెప్పడానికి వాడుకోండి. మీ సొంత పేరుకన్నా పెద్దగా రాయకండి. లోగో అనుమతి లేకుండా ముట్టుకోకండి. వెబ్‌సైట్ చిరునామాలో మా పేరు దూర్చకండి. బోర్డు రాయించేవారికి ఇంతకు మించి బరువైన న్యాయశాస్త్రం అక్కర్లేదు.

జీడిపప్పు వ్యాపారికి ఇది ఇంకా సులువుగా తెలుస్తుంది. డబ్బా మీద ‘డబ్ల్యూ 320’ అని రాస్తే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు తూగుతాయని అర్థం. ఆ మాట ఊళ్లో అందరిదీ, ఎవరూ సొంతం చేసుకోలేరు. డబ్బా మీదున్న బ్రాండు పేరు మాత్రం ఒక్కరిది.

ఒక్క అక్షరం మీద సుప్రీంకోర్టు దాకా

మన తెలుగు నేల నుంచే ఈ విషయంలో దేశానికంతటికీ దారి చూపిన కేసు పుట్టింది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన సత్యం కంప్యూటర్స్‌కు సత్యం ఇన్ఫోవే అనే అనుబంధ సంస్థ ఉండేది. ఆ రెండు మాటల్లోంచి తీసిన అక్షరాలతో ‘సిఫీ’ అనే పేరు కట్టుకుని 1999లో ఇంటర్నెట్ చిరునామాలు నమోదు చేసుకుంది. 2001లో ఇంకో సంస్థ ‘సిఫ్ఫీనెట్’ పేరుతో చిరునామా తీసుకుంది. సిఫీకి, సిఫ్ఫీకి ఇంగ్లిషు రాతలో తేడా ఒక్క అక్షరం. ఎందుకీ పేరు అంటే మా ఐదుగురు భాగస్వాముల పేర్లలో మొదటి అక్షరాలు కలిపామన్నారు. తమకు 5 లక్షలకు పైగా చందాదారులు, 840 సైబర్ కేఫ్‌లు ఉన్నాయని, జనం పొరబడతారని సిఫీ వాదించింది.

బెంగళూరు సివిల్ కోర్టు సిఫీకి అనుకూలంగా నిషేధాజ్ఞ ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కనబెట్టి సిఫీకే న్యాయం చేసింది. జస్టిస్ రూమా పాల్ రాసిన ఆ తీర్పులో రెండు విషయాలు మనకు ముఖ్యం. డొమైన్ పేరు వట్టి చిరునామా కాదు, వ్యాపారపు గుర్తు కూడా, కాబట్టి ట్రేడ్‌మార్క్‌కు వర్తించే సూత్రాలే దానికీ వర్తిస్తాయి. పొరబాటు జరుగుతుందా లేదా అన్నది తేల్చేటప్పుడు, రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి పరిశీలించే నిపుణుణ్ని కాదు, మామూలు తెలివితేటలు, అరకొర జ్ఞాపకం ఉన్న వాడుకదారుణ్ని దృష్టిలో పెట్టుకోవాలి. భాగస్వాముల అక్షరాల కథను కోర్టు నమ్మలేదు.

టెక్కలి కుర్రాడెవరైనా తన యాప్‌కు పేరు పెట్టేటప్పుడు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. పెద్ద కంపెనీ పేరుకు ఒక అక్షరం అటూ ఇటూ చేస్తే తప్పించుకోవచ్చన్న సలహా ఎవరిచ్చినా నమ్మకూడదు. ఇదే తీర్పు అతని పక్షాన కూడా నిలబడుతుంది. రేపు ఇంకొకరు అతని యాప్ పేరును అరక్షరం మార్చి వాడితే ఇదే ఆయుధం.

లోపలి కంప్యూటర్ సంగతి

ఇక పని దొంగతనం. దీనికి ఉమ్మడి రాష్ట్రం నాటి ఒక పాత లెక్క ఉంది. రిలయన్స్ ఇన్ఫోకామ్ 10,500 రూపాయల ఫోన్‌ను 3,350 కట్టించుకుని మూడేళ్ల ఒప్పందంతో ఇచ్చిన రోజులవి. ఆ ఫోన్‌ను వేరే నెట్‌వర్క్‌లో పనిచేసేలా లోపలి సాఫ్ట్‌వేర్ మార్చేశారన్న ఫిర్యాదు హైదరాబాద్‌లో కేసైంది. పోటీ కంపెనీ ఉద్యోగులు కేసు కొట్టేయమని వెళ్తే, 2005 జులై 29న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మోసం, నమ్మకద్రోహం అభియోగాలను తీసేసింది గానీ, ఐటీ చట్టం 65వ సెక్షన్, కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద దర్యాప్తు సాగాల్సిందేనంది. సెల్‌ఫోన్ కూడా చట్టం దృష్టిలో కంప్యూటరేనని అప్పుడే తేలింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు, లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ ఎక్కించి కంప్యూటర్లు అమ్మారన్న కేసులో మైక్రోసాఫ్ట్‌కు 19.75 లక్షల పరిహారం ఇవ్వమంది. కంప్యూటర్ అసెంబుల్ చేసి ‘అన్నీ వేసి ఇస్తాం’ అని చెప్పే దుకాణదారులు ఈ అంకెను మనసులో ఉంచుకోవాలి.

డబ్బు లేని విద్యార్థి మరి ఏం చేయాలి అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో, 2018 తిత్లీ తుపానుకు కూలిపోయిన కొబ్బరి, జీడి తోటలతో నలిగిన ఇంటి పిల్లాడికి 26,550 చిన్న మొత్తం కాదు. కానీ అతనికి దొంగ కాపీ అవసరం లేదు. టాలీలోనే విద్యార్థుల కోసం ఉచిత పద్ధతి ఉంది. అందులో నెలలో 1, 2, 31 తేదీల ఎంట్రీలు మాత్రమే పడతాయి. నేర్చుకోవడానికి ఆ మూడు తేదీలు చాలు. ఫ్యాక్టరీ లెక్కలు రాయడానికి చాలవు, చాలకూడదనే ఆ ఏర్పాటు. డబ్బు పెట్టి కొన్నవారు పాడైపోతుందన్న భయంతో ఇంకో కాపీ తీసి దాచుకోవచ్చు, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది.

ప్యాకెట్లు, పెళ్లిపత్రికలు అచ్చుకు సిద్ధం చేసే డీటీపీ సెంటర్లకు ఇంకా మంచి దారి ఉంది. మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పేరుతో ‘గిడుగు’ అనే తెలుగు ఫాంట్ ఉంది. సిలికానాంధ్ర ద్వారా మరెన్నో తెలుగు ఫాంట్లతో పాటు స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదలైంది. ఎక్కడైనా వాడుకోవచ్చు, అమ్మే ప్యాకెట్ మీద కూడా అచ్చు వేయొచ్చు, లోపలి అక్షరాల రూపాన్ని మార్చుకోవచ్చు. ఫాంట్‌ను విడిగా సరుకులా అమ్మకూడదు. ఆ లైసెన్సులో ఇంకో నిబంధన ఉంది: ఫాంట్ చేసినవారు పేరును తమకే అట్టిపెట్టుకుంటే, మార్చిన ఫాంట్‌కు మీరు వేరే పేరు పెట్టాలి. పనిని పంచుకుంటారు, పేరును పంచుకోరు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ విషయంలో ఇదే జరిగింది. దాని కోడ్ అందరిదీ. పేరూ బొమ్మా మాత్రం మొజిల్లా సంస్థవి. వాటిని వాడుకునే నియమాల మీద పేచీ వచ్చి డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వాళ్లు 2006లో అదే బ్రౌజర్‌కు ‘ఐస్‌వీజిల్’ అని పేరు మార్చారు. రాజీ కుదిరి పాత పేరు తిరిగి రావడానికి 2016 దాకా పట్టింది. పదేళ్ల పాటు ఒకే పని రెండు పేర్లతో తిరిగింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను మార్చి తమ ప్రాజెక్టుగా పెట్టే ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ ఉదాహరణను శ్రద్ధగా చదవాలి.

మీ పేరుకు ఎంత, మీ పనికి ఎంత

టెక్కలిలో 2001లో మొదలైన ఐతం కాలేజీ నుంచో, ఎచ్చెర్లలో చదివో బయటికొచ్చిన ఇద్దరు స్నేహితులు జీడిపిక్కల బస్తా ధర రోజూ రైతుకు చెప్పే యాప్ చేశారనుకుందాం. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడితే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు తరగతికి 4,500 రూపాయలు. మిగతావారికి 9,000. తరగతులు మొత్తం 45. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్ 9వ తరగతి, సాఫ్ట్‌వేర్ సేవ 42, ప్రాసెస్ చేసిన జీడిపప్పు 29, సరుకు అమ్మే సేవ 35. యాప్‌తో పాటు అదే పేరుతో పప్పు ప్యాకెట్ కూడా అమ్మాలనుకుంటే 9, 29, 35 కలిపి 13,500. పదేళ్లకు పంచితే ఒక తరగతికి ఏడాదికి 450, నెలకు 37 రూపాయల 50 పైసలు. వకీలు ఫీజు వేరే అనుకోండి, ప్రభుత్వానికి కట్టేది ఇంతే. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తుంది గానీ ఆన్‌లైన్ దరఖాస్తుకు రైలెక్కనక్కర్లేదు.

పేరు ఎంచుకోవడంలోనే సగం గెలుపు ఉంది. ‘పలాస జీడిపప్పు’ అని పెట్టి నాదే అంటే కుదరదు. సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరు, సరుకు ఏమిటో చెప్పే మాట, ఇవి అందరివీ కాబట్టి 9వ సెక్షన్ అడ్డు వస్తుంది. ‘ఉద్దానం కొబ్బరి’కీ అంతే. ఏ అర్థమూ లేకుండా అల్లుకున్న ‘సిఫీ’ లాంటి పేరుకే బలం ఎక్కువ. దరఖాస్తు జర్నల్‌లో అచ్చయ్యాక 4 నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన టీఎం అని రాసుకోవచ్చు. వృత్తంలో ఆర్ ఉన్న గుర్తు మాత్రం నమోదు పూర్తయ్యాకే, ముందే పెట్టడం చట్టరీత్యా తప్పు. నమోదు చేయించి మూలన పడేస్తే కూడా పోతుంది: ఐదేళ్ల మూడు నెలలు వాడకపోతే తీసేయమని ఇంకొకరు అడగొచ్చు.

కాపీరైట్‌కు నమోదు తప్పనిసరి కాదు. కోడ్ రాసిన క్షణం నుంచే హక్కు ఉంది. అయినా 500 రూపాయలు కట్టి నమోదు చేయించుకుంటే కోర్టులో సాక్ష్యం సులువవుతుంది. ప్రోగ్రాం అయితే సోర్స్ కోడ్‌లో కనీసం మొదటి 10, చివరి 10 పేజీలు ఇవ్వాలి. అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు.

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినే చోటు ఒకటుంది. జీతానికి పనిచేసే ఉద్యోగి ఆ ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానిది. బయటి నుంచి గుత్తకు రాసిచ్చిన కుర్రాడి కోడ్, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు, ఆ కుర్రాడిదే. బదిలీ కాగితంలో ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లనే చట్టం భావిస్తుంది. డబ్బు ఇచ్చేవారూ తీసుకునేవారూ ఇద్దరూ ఒక్క పేజీ రాసుకుంటే స్నేహాలు నిలుస్తాయి.

36 గంటలు, 21 రోజులు

మీ యాప్‌ను, మీ పాఠాల వీడియోను, మీ డిజైన్‌ను ఎవరో ఎత్తుకెళ్లి ఇంకో సైట్‌లో పెట్టారు. ముందు చేయాల్సింది కోపంగా కామెంట్ పెట్టడం కాదు. ఆ పేజీ చిరునామా, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మీ దగ్గరున్న అసలు ఫైళ్ల తేదీలు చెరపకండి. తర్వాత ఆ సైట్ నడిపే సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు.

2013 నాటి కాపీరైట్ నియమావళి 75వ నియమం ఈ ఫిర్యాదులో ఏముండాలో చెబుతుంది. మీ కృతి ఏది, దాని హక్కుదారు మీరేనని చూపే వివరాలు, అవతలిది చట్టం అనుమతించే వాడకం ఎందుకు కాదో, అది ఉన్న కచ్చితమైన చిరునామా, తెలిస్తే పెట్టినవారి వివరాలు. చివరగా ఒక హామీ: కోర్టులో దావా వేసి 21 రోజుల్లో ఉత్తర్వు తెస్తానని. ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ సంస్థ దాన్ని జనానికి అందకుండా ఆపాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు చూపకపోతే ఆపి ఉంచాల్సిన బాధ్యత దానికి ఉండదు. అంటే 36 గంటలు వాళ్ల గడియారం, 21 రోజులు మీ గడియారం. చాలామంది మొదటిదే చూసి సంబరపడి రెండోదాన్ని వదిలేస్తారు.

సర్వర్ అమెరికా కంపెనీదైతే ఆ దేశపు 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం పద్ధతిలో కూడా ఫిర్యాదు తీసుకుంటారు. అవతలివాడు ‘ఇది నాదే’ అని ప్రతినోటీసు ఇస్తే, మీరు దావా వేసినట్టు తెలపకపోతే, 10 నుంచి 14 పనిదినాల్లో మళ్లీ పెట్టేస్తారు. ఈ దారి కాపీరైట్‌కే. మీ పేరునో లోగోనో ఇంకొకరు వాడుకుంటే అదే కంపెనీలో ట్రేడ్‌మార్క్ ఫిర్యాదుకు వేరే ఫారం ఉంటుంది. పేరు పోయినవారు కాపీరైట్ ఫారం నింపితే అది తిరిగొస్తుంది, ఈలోగా వారాలు గడిచిపోతాయి. ఇక ‘మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం’ అని ఫోన్ చేసి ఖాతాలో డబ్బు లాగేస్తే ఏ ఫారమూ వద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి.

పోలీసుల దగ్గర కూడా రెండు దారులు వేరు. కాపీరైట్ నేరంలో సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై హోదా ఉన్నవారు వారంటు లేకుండా దొంగ కాపీలు స్వాధీనం చేసుకోవచ్చు. 63వ సెక్షన్ నేరం నేరుగా కేసు పెట్టదగినది, బెయిలు హక్కుగా దొరకనిది అని సుప్రీంకోర్టు 2022 మే 20న తేల్చింది. ట్రేడ్‌మార్క్ నేరంలో సోదాకు డీఎస్పీ హోదా కావాలి, ఆయన కూడా ముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. 63వ సెక్షన్ నేరానికీ, ట్రేడ్‌మార్క్ నేరానికీ శిక్ష మాత్రం ఒకటే: 6 నెలల నుంచి 3 ఏళ్లు, 50,000 నుంచి 2 లక్షలు.

ఈ చట్టాన్ని బెదిరింపుకు వాడేవారూ ఉన్నారు. పోటీదారుణ్ని భయపెట్టడానికి ఆధారం లేని నోటీసు ఇస్తే, కాపీరైట్ చట్టం 60వ సెక్షన్, ట్రేడ్ మార్క్స్ చట్టం 142వ సెక్షన్ కింద ఎదురు దావా వేయొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. నోటీసు రాగానే బోర్డు దించేయకండి, ముందు అందులో ఉన్నది నిజమో కాదో చూడండి.

దావా ఎక్కడ వేయాలన్నది చివరి సందేహం. అవతలివాడు ముంబయిలో ఉన్నా, మీరు నివసించే చోట లేదా వ్యాపారం చేసే చోట ఉన్న జిల్లా కోర్టుకే వెళ్లే హక్కును కాపీరైట్ చట్టం 62, ట్రేడ్ మార్క్స్ చట్టం 134 ఇస్తున్నాయి. మందసలో ఉన్నవారికైనా, వజ్రపుకొత్తూరులో ఉన్నవారికైనా ఆ గుమ్మం శ్రీకాకుళంలోనే ఉంది. పెద్ద కంపెనీల పేర్లను గౌరవంగా, నిజం చెప్పడానికి మాత్రమే వాడండి. మీ పిల్లలు రాసిన కోడ్‌ను, గీసిన డిజైన్‌ను ఎవరైనా తీసుకుపోతే మాత్రం ‘మనకెందుకులే’ అనకండి. ఆ రోజే ఫిర్యాదు రాయండి, 21 రోజుల లెక్క తప్పకండి.